తొలిగుక్క

లుసెంగ్వా వాగు దగ్గర నేను బూట్లు విప్పలేదు.
"అదే మంచిది," అంది బనా ముషిలి.
ఇక్కడ తల్లికి బిడ్డ పేరే పేరు.
ముషిలి అంటే వాళ్ళ మాటలో మన్ను.
మన్ను వాళ్ళమ్మ నా వెనకే దిగొచ్చింది
రేకు బకెట్ ఒకటి చంకన పెట్టుకుని.

"కొని ఏడాది కాలేదు, నీళ్ళే తినేశాయి,"
అని దాన్ని ఎండకేసి ఎత్తింది.
అడుగున చిల్లుల్లో
పట్టపగలే చుక్కలు పొడిచాయి.

ఎగువన గట్టు. గట్టు వెనక
కొండను నూరి, రాగి పిండుకుని
గని ఉమ్మేసిన పిప్పి.
మార్చి వానలకి గట్టు ఒకచోట ఒళ్ళు విరుచుకుంది.
ఒక్క రాత్రే.
తెల్లారేసరికి చేపలు కడుపులు పైకి పెట్టి
వాగు పొడుగునా తెల్లగా.
పిల్లలు ఎగురుకుంటూ బుట్టలకెత్తారట.
ఆ పూట ప్రతి పొయ్యి మీదా చేపే.
ఆ రాత్రి ప్రతి గుమ్మంలోనూ వాంతులే.

సీసాలు నింపుకుంటూ వచ్చాను.
వాగు నడుమ, రేవులో, టమాటా మళ్ళ కాలవలో...
పద్నాలుగోది ఆమె బావిలోంచి.
కాగితం ముక్క ముంచితే
నిమ్మకాయ పిండినట్టు ఎర్రబడింది.
నేనేమీ అనలేదు. నా మొహం చూసి తనే అంది:
"పాత నాణెం చప్పరించినట్టుంటుంది.
నాలుకకి అలవాటైంది. కడుపుకే కాలేదు."

క్లినిక్‌లో నర్సు న్సోఫ్వా వేళ్ళు మడిచి చెప్పింది:
కాలేయం, మూత్రపిండాలు, పసివాళ్ళ బుర్ర.
"రాగి ఒంటరిగా రాదు, సీసాన్ని వెంటేసుకొస్తుంది.
రక్తం తీసే సూదులు నా దగ్గరున్నాయి,
చూసే యంత్రం రాజధానిలో ఉంది."
ఐదో వేలు మడవకుండా అలాగే ఉంచింది.

మంగళవారం కంపెనీ ట్యాంకర్.
వేలిముద్ర వేస్తే రెండు డబ్బాలు.
ఆ కాగితంలో ఏముందో ఊళ్ళో చదివినవాడు ఒక్కడే,
ఆరో తరగతి ముషిలి:
"ఇకమీదట ఏమీ అడగము."
డబ్బాలు మోసుకొచ్చాక చదివాడు.

వాగు వార ఆమె చేను.
కంకులు పిడికిళ్ళు బిగించుకుని ఉన్నాయి,
కొసలు మాత్రం మాడాయి.
నా భాషలో ఈ గింజా రాగే, ఆ లోహమూ రాగే అని చెప్పాను.
ఆమె పకపకా నవ్వింది.
"ఒకటే పేరా!
మరి పిలిస్తే ఏది వస్తుంది?"

చిన్నప్పుడు మా ఇంట్లో
రాగిచెంబులో రాత్రి నీళ్ళు పోసి ఉంచి
పొద్దున్నే తాగించేవారు, ఒంటికి మంచిదని.
ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

పొద్దు వాలుతుంటే పీట వేసి కూర్చోబెట్టింది.
సొరబుర్ర నిండా కటుబి,
ఈ చేలో రాగులే, మూడ్రోజులు పులిసినవి.
నీళ్ళు?
మంగళవారంవా, పద్నాలుగో సీసావా?
అడగడానికి నోరు రాలేదు.

ఇంటివాళ్ళే ముందు తాగడం ఇక్కడి మర్యాద,
ఇందులో విషం లేదు అని చుట్టానికి చూపడానికి.
తాతలనాటిది. అప్పటి విషాలు వేరు.

నా చూపు బావివైపు పోవడం చూసిందో లేదో,
బనా ముషిలి రెండు చేతులా బుర్ర ఎత్తి
నాకోసం
ఒక గుక్క తాగి,
మూతి తుడుచుకుని,
నావైపు చాచింది.