నకలు

మార్చి రెండో వారం. ఎనుమాముల యార్డు
ఎర్రగా నిండి, గేటు దాటి రోడ్డెక్కింది.
తేజ ఒక దిక్కు, చపాటా ఒక దిక్కు.
ఎవరు తుమ్మినా ఎవరూ చిరంజీవ అనరు,
అనబోతే వాళ్ళకే తుమ్మొస్తుంది.

నా గదిలో ఘాటు పీల్చేవి సర్వర్ల ఫ్యాన్లు.
వారానికోసారి ఫిల్టర్ విప్పితే
చిటికెడు కారం రాలుతుంది.
కూరకు చాలదు, కంటికి చాలు.

నా పనేమిటో ఇంట్లో ఎవరికీ ఎక్కదు:
ఇక్కడ రాసింది రాసినట్టు
కరీంనగర్‌లో ఇంకోచోట రాయించడం.
వేలం పాట, కాటా తూకం, పట్టీలు,
మొత్తం పన్నెండు వర్చువల్ మెషిన్లు.
ఈ గది కాలినా, వాన నీళ్ళు జొచ్చినా
తెల్లారేసరికి అవి అక్కడ లేచి కూర్చోవాలి,
అదే ధర పలుకుతూ.
తహసీల్ ఆఫీసు భాషలో ఒక్క మాట: నకలు.

జూన్‌లో ఇది కునుకుపట్టే పని.
నాలుగు కోర్లు, పదహారు జీబీల మెమరీ,
మూడొందల జీబీల క్యాష్ డిస్కు.
చాలు మేడం, అన్నాడు అమ్మినవాడు.
వాడు మార్చి చూడలేదు.

ఈ రాత్రి పదకొండూ పదికి
నకలు వెనకబాటు నాలుగు గంటల పది నిమిషాలు.
అంటే, ఇప్పుడు పిడుగు పడితే
ఏడు గంటల తర్వాతి వరంగల్
ఎక్కడా జరగనట్టే.

ముందు అందరూ చేసేదే చేశాను.
కోర్లు ఎనిమిది. మెమరీ రెట్టింపు. డిస్కు ఆరొందలు.
థ్రెడ్లు నాలుగు నుంచి ముప్పైరెండు
(నేను వాటిని పోగులంటాను,
కొత్తవాడ జంపఖానా మగ్గాల పక్కన పెరిగినదాన్ని).
అరగంట తగ్గింది.
ఆగింది.
మళ్ళీ ఎక్కడం మొదలైంది.

కరీంనగర్ నుంచి తహసీన్ ఫోను:
"ఏం పంపుతున్నవే, ఇక్కడ లైను సగం ఖాళీగున్నది."

టీకని బయటికొచ్చాను.
లారీ దింపుతున్నారు. ఓ కుర్రాడు
రెండు బస్తాలు ఎత్తబోయి వంకరపోతే
ఓదెలు మేస్త్రీ అరుస్తున్నాడు:
"దొడ్డుగున్నవని నువ్వొక్కనివే మోస్తవారా?
మనిషి ఎంతకని పెరుగుతడు,
మనుషులు పెరగాలె గని!"

నాతో అనలేదు. నా వైపు చూడనే లేదు.
నిజానికి అదే మాట మాన్యువల్ నలభైరెండో పేజీలో ఉంది,
నేనే అంతదూరం పోలేదు.

రెండో ప్రాసెస్ సర్వర్ నిలబెట్టాను.
పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాను.
కాటా మెషిన్లు మూడు, పట్టీలవి రెండు
కొత్తదాని భుజానికి మార్చాను.
రెండూ నలభైకి గంట వెనకబాటు.
నాలుగు కొట్టేలోపు పదకొండు సెకన్లు.
ఒక తుమ్ముకూ ఇంకో తుమ్ముకూ నడుమ.

ఆరింటికి కిటికీ దగ్గర ఒకాయన,
మడత మీద మడత పెట్టిన పట్టీ.
"నేను భూక్యా కాదు మేడం, బానోతు.
బానోతు భీల్యా.
పైసలు ఎవని ఖాతల పడ్తయో ఏమొ."

చూశాను. ఇక్కడ భూక్యా.
కరీంనగర్‌లో భూక్యా.
రాత్రంతా మేలుకొని, కూలిని పెంచి,
అక్షరం జారకుండా నేను మోయించిన వాటిలో
ఈ తప్పూ ఉంది.
నకలుకు నిజం తెలీదు. రాత తెలుసు.

ఆధార్ చూసి దిద్దాను.
"అయిందా?"
"ఇక్కడ అయింది. కరీంనగర్‌ల కావాలె."
"నేనెన్నడు అటు పోలే."
"నీ పేరు పోయింది."

ఆయన నవ్వలేదు. కిటికీలోంచి వంగి
నాతోపాటు తెర చూశాడు.
లోపల్లోపల లెక్కపెడుతున్నాను, ఏడు, ఎనిమిది,
తొమ్మిది దగ్గర ఆయన గట్టిగా తుమ్మాడు.
లెక్క తప్పింది.
కళ్ళు తుడుచుకొని మళ్ళీ చూసేసరికి
రెండు చోట్లా
బానోతు.