తాలు

ఎనుమాముల యార్డు, మూడో షెడ్డు.
నాలుగు వేల మిరపకాయలకు ఫోటో తీసినం.
ఒక్కోటి చేతికిస్తే ఓదెమ్మ చెప్పేది:
మంచిది. మంచిది. తాలు.
నేను టిక్కు పెట్టేదాన్ని.

రాత్రి కాజీపేట గదిలో లెక్క చూస్తే
అదే కాయ పొద్దున మంచిదట, మాపటికి తాలట.
నూట పన్నెండు చోట్ల
ఆమె మాటకు ఆమె మాటే అడ్డం.
"నాయిస్, తీసెయ్" అన్నడు సారు.
తీసేసిన.
మిషన్ తొంభై నాలుగుకెక్కింది.

తెల్లారి అడిగితే, తుమ్మి, కొంగుతో ముక్కు తుడుచుకుని
"ఫోటోకు వాసనుంటదా బిడ్డా?
పొద్దున తుంచితే తొడిమె పుటుక్కుమన్నది
మాపటికి మంచు తాగి మెత్తవడ్డది.
కాయ మారింది. నేను మారలే."

నూట పన్నెండూ మళ్ల పెట్టిన.
మిషన్ ఎనభై ఏడుకు జారింది.
సారు రెండు రోజులు పలకలే.

ఒక్క కాయను మాత్రం
చెవి దగ్గర ఆడించి, చానసేపు ఆగి,
మంచిదనకుండా తాలనకుండా
నా చేతిలోనే పెట్టింది.
దానికి నా షీటుల గడి లేదు.

బ్యాగు జేబులున్నది ఇంకా.
హన్మకొండ బస్సు గుంతల పడ్డప్పుడల్లా
లోపల గింజలు గలగలమంటయి.