వెంట్రుకవాసి

ఎయ్‌బార్ లోయలో వాన ఆగదు.
లోపలి గది మాత్రం ఇరవై డిగ్రీల దగ్గర
ఊపిరి బిగబట్టి కూర్చుంది.

గ్రానైట్ బల్లమీద పంపు గుల్ల.
రాత్రంతా ఒళ్లు చల్లబడనిచ్చి
ఎస్టిబలిజ్ దాన్ని మొనతో తాకింది:
ఇదీ నీ అడుగు, ఇదీ నీ అంచు, ఇదీ నీ మొదలు.
తెరమీది బొమ్మ కదిలొచ్చి
ఇనుముకి చొక్కాలా తొడుక్కుంది.

ఇన్నాళ్లూ కాగితం చూసి అంకెలు కొట్టేవాళ్లు.
ఈ సోమవారమే
బొమ్మనూ యంత్రాన్నీ ముడివేశారు.
ఇక కెంపు మొన తనే వెతుక్కుంటుంది రంధ్రాలను,
చీకట్లో స్విచ్చి వెతికే వేలిలా.

ఒకటి పచ్చ. రెండు పచ్చ. ఆరుదాకా పచ్చ.
ఏడోది ఎరుపు.
మిల్లీమీటరులో నూటికి నాలుగు వంతులు ఎక్కువ,
వెంట్రుకవాసి కూడా కాదు.

పక్క గుల్లా అంతే. ముప్పయ్యీ అంతే.
తప్పుని ఇంత తూచా తప్పకుండా
ఎవరు చేస్తారు?

బీరువా అడుగున ఆన్‌హెల్ మారి నోటుబుక్కు.
నిరుడు రిటైరైన మనిషి. పేజీ నిండా నూనె వేలిముద్రలు.
"ఏడోది కాస్త వదులు. వేడెక్కితే బిగుస్తుంది.
గీసేవాళ్లకి చెప్పాను.
వింటేనా."
తేదీ, తొంభై ఒకటి, మార్చి.

తిరస్కరించు అన్న మీట వెలుగుతూనే ఉంది.
కారణం రాయమన్న గడిలో
ముక్క సరే, బొమ్మ తప్పు అని కొట్టింది.
చెరిపేసింది.
బొమ్మకి ఇంకా తెలీదు, అని రాసింది.

గుల్లని ఎర్ర పెట్టెలో వెయ్యలేదు, పచ్చదాంట్లోనూ వెయ్యలేదు.
బల్ల చివర నిలబెట్టి
భోజనానికి వెళ్లింది.