సన్నగొంతు సీసా

యానాంలో పదకొండేళ్ళుగా
వైన్ షాపు లెక్కలు రాస్తున్నాను.
బోర్డు మీద తప్ప
షాపులో వైను ఉండదు.
బీర్లు, క్వార్టర్లు, చిల్లర తగాదాలు.
వంతెన దాటి వచ్చేవాళ్ళెవరూ
అది అడగరు.

పై అరలో, బల్లి కాపురమున్న మూల,
ఎవరో పొరపాటున తెప్పించిన
ఆరు తెల్ల సీసాలు.
నిమ్మతొక్క రంగు. కాదు,
ఎండుగడ్డి నానిన నీళ్ళ రంగు.
నెలనెలా స్టాకు పుస్తకంలో
వాటి ఎదురుగా ఆరు వేసేవాణ్ణి,
ఒక్కో నెల ఇంకాస్త గుండ్రంగా.

లేబుల్ తడిసి ఊడొస్తోందని
ఓనరు ఒకటి నా సంచిలో పడేశాడు:
"తాగు, లేకపోతే పారబొయ్యి."
నేను తాగను. సత్యవేణి తాగదు.
పారబొయ్యడానికి
ఇద్దరికీ చెయ్యి రాలేదు.

పక్కింటి అబ్బులు మాస్టారు
ఫ్రెంచి బళ్ళో చదివిన మనిషి.
కళ్ళజోడు నుదుటికెత్తి
లేబుల్ని ముక్కు దగ్గరకు తెచ్చుకున్నారు.
"సెక్. అంటే పొడి."
"తడి సరుకు పొడెలా అవుద్దండీ?" అంది సత్యవేణి.
"తీపి నాలిక మీద నిలవదన్నమాట."
"వగరనండి మరి."
"వగరు కాదమ్మా."
"పులుపా?"
మాస్టారు చాలాసేపు గాల్లో వెతికి
కాఫీ తాగి వెళ్ళిపోయారు.

చేపల ఐసు డబ్బాలో చల్లబెట్టి
స్టీలు గ్లాసుల్లో పోసుకున్నాం.
ఆ రాత్రి బొమ్మిడాయిల పులుసు.
ఒక ముద్ద, ఒక గుక్క.
నోట్లో ఎవరో రేకు గీకినట్టయింది.
నేను మొహం చిట్లించాను.
తను మాత్రం గ్లాసులోకే చూస్తూ
"పాపం, దీని గొంతు సన్నం.
చింతపండు పక్కన నిలబెడితే
ఏం వినపడుద్ది?" అంది.

మర్నాడు ఆవకాయతో. ఆ సంగతి వద్దు.
ఆత్రేయపురం పూతరేకు ముందైతే
ఉత్త నిమ్మకాయైపోయింది.
"అరిచే కూర కాదు దీనికి,
ఆలకించే కూర కావాలి."

బుధవారం రేవులో పండుగప్ప దొరికింది.
ఉప్పు, పసుపు, నాలుగు మిరియాలు,
అరిటాకులో చుట్టి పెనం మీద.
కారం డబ్బా వైపు వెళ్ళిన చేతిని
తనే మరో చేత్తో వెనక్కి లాక్కుంది.
ముప్పై ఏళ్ళ అలవాటు మరి.
ఆ పూట మొదటిసారి
చేపా, గ్లాసూ
ఒకదాని మాట ఒకటి తుంచకుండా మాట్లాడుకున్నాయి.

సీసాలో నాలుగు వేళ్ళు మిగిలాయి.

ఆ వారమే తూర్పుగాలి తిరిగింది.
గౌతమి మొగలో చీరలు పరిచి
చీరమేను పట్టారు.
గ్లాసుతో కొలిచి అమ్ముతుంటే
బేరం ఆడకుండా కొన్నాను.
సత్యవేణి గారెలు వేసింది,
అల్లం తగ్గించి, ఉల్లి తగ్గించి,
వాళ్ళమ్మ వింటే తిట్టేటట్టు.

గారె కొరికింది. గుక్క తాగింది.
కళ్ళు మూసుకుంది.
నేను అడగలేదు.
వీధిలో ఐస్ బండి గంట వెళ్ళిపోయేదాకా
ఏమీ అనలేదు.

"పోటు ఎక్కి, పాటు దిగిపోయాక
రేవు మెట్టు మీద మిగులుద్ది చూడండి,
కాస్త ఉప్పన, కాస్త చల్లన,
కాలు పెడితే జారదు, ఆరిపోదు,
ఆ తడి.
మీ మాస్టారికి చెప్పండి,
పొడి అంటే అది."

తెల్లారి మాస్టారికి చెప్పాను.
ఆయన రేవు వైపు చూసి,
అరవై ఏళ్ళుగా తెలిసిన మాటని
మళ్ళీ ఒకసారి మెల్లగా పలికారు.

నిన్న కాకినాడ నుంచి వచ్చిన కుర్రాడు
పై అర వైపు వేలు చూపించి
"అది దేంతో బాగుంటుంది?" అన్నాడు.
లెక్కలు రాసేవాణ్ణి,
పెన్ను కింద పెట్టి లేచాను.
"ఇంట్లో చీరమేను ఉందా?"
నవ్వి, బీరు పట్టుకుపోయాడు.

నా జీతంలోంచి ఒకటి కోయించుకుని
పుస్తకంలో నాలుగు వేశాను.
అంకె కాస్త వంకరగా వచ్చింది.