గేటు కాడి చాక్‌పీసు

ఎనుమాముల మార్కెట్ల కంప్యూటర్ గది
మిర్చి యార్డు పక్కపొంటే ఉంటది.
తలుపు మూసినా ఘాటు ఆగదు,
ఏసీ కూడ తుమ్ముతున్నట్టే చప్పుడు చేస్తది.
రెండు రాత్రుల సంది సర్వర్ ముందట కూసోని
ఒక్కటే ఎతుకుతున్న:
కాంటా చీటీ ఎక్కడ ఆగుతున్నది?

తెర మీద అంతా బాగనే కనవడ్డది.
సగటు నాలుగు మిల్లీసెకన్లు.
సూపర్‌వైజర్ సారు ఆ అంకె మీద వేలు పెట్టి
"ఇగో, దీంట్ల తప్పేమున్నది?" అన్నడు.
సగటు శాన మర్యాదస్తురాలు సారూ,
ఎవ్వరినీ నొప్పియ్యదు,
ఎవ్వరి పేరూ చెప్పదు.

డిస్కు లోపట ఇంకో యార్డున్నది.
"రాయి" అనే కమాండు వస్తది,
"చదువు" అనేది దాని ఎన్క వస్తది,
ముప్పై రెండు ఒక్కతాన నిలవడతయి.
దాని ఇష్టం దానిది:
దగ్గరున్నదాన్ని ముందు పిలుస్తది,
పోయే తొవ్వల ఉన్నదాన్ని పిలుస్తది,
మూలకున్నదాన్ని రేపు రమ్మంటది.
డిస్కుకు రేపంటే అర సెకను.
కమాండు లొల్లి పెట్టదు.
ఒక రైతు పేరు, ఒక తూకం
కడుపుల పెట్టుకోని
నిలవడ్డ కాడనే నిలవడతది.

పని సురువైనప్పటి నుంచి పని ఒడిసేదాక కొలిచిన.
ఏ తప్పూ దొరకలే.

తెల్లారగట్ల మూడింటికి చాయ తాగుతుంటే
గేటు కాడి హమాలీ ఓదెలన్న అడిగిండు,
"ఏం కొలుస్తున్నవ్ బిడ్డా?"
లైన్ల ఎంతసేపు నిలవడ్డయో అని చెప్పిన.
"కాంటా కాడ నిలవడి చూస్తే ఎట్ల తెలుస్తది?
తూకం రెండు నిమిషాలే.
తూకం దాకా వచ్చుడే గద కత!"
జేబుల నుంచి అరిగిన చాక్‌పీసు తీసి చూపెట్టిండు.
బండి లోపటికి రాంగనే
మొదటి బస్తా మీద గడియారం చూసి రాస్తడు.
రాయుమని ఎవ్వరూ చెప్పలే.
ఒకనాడు ఇద్దరు రైతులు నేను ముందంటే నేను ముందని
గల్లాలు పట్టుకున్నరట,
ఆనాటి సంది రాస్తున్నడు.

చాయ గిలాస సగంలనే పెట్టి ఉరికిన.
కమాండు వరుసల చేరంగనే దాని నెత్తి మీద
టైం రాసిన.
బయటికి రాంగనే తీసేసి చూసిన.
సగటు కట్టలే ఈసారి.
కుండలు పెట్టిన:
ఒక మిల్లీసెకను లోపటివి ఒక కుండల,
రెండు లోపటివి ఒక కుండల,
నాలుగు, ఎనిమిది, పదహారు...
తెల్లారేసరికి ముందటి కుండలు పొంగిపొర్లుతున్నయి.
ఆఖరు కుండ అడుగున
పదకొండు.

పదకొండే.
లక్షల్ల పదకొండు ఎవ్వరికి కనవడతయి?

ఒకదాని మూట ఇప్పి చూస్తే
గుగులోతు హర్యా, నర్సంపేట దిక్కు తండా,
పందొమ్మిది బస్తాల తేజ మిర్చి.
ఆయన చీటీ తొమ్మిది సెకన్లు ఆగింది.
ఓపిక పట్టలేక ప్రోగ్రాం దాన్ని గుంజి
మల్ల వరుస చివరకు పంపింది,
మూడుసార్లు.
డిస్కుల ఒక్కకాడ గీత పడ్డది,
ఆడికి రాంగనే
అచ్చరం గుర్తు పట్టని ముసలి కండ్ల లెక్క
చదివిందే చదువుతున్నది.

పొద్దుగాల కొత్త డిస్కు ఎక్కిచ్చిన.
సారు మెచ్చుకున్నడు, సగటు మూడుకు దిగింది.

హర్యాకు చెప్పాలె అని యార్డులకు పోయిన.
తువ్వాల మొఖం మీద కప్పుకోని
బస్తాల మీదనే పన్నడు.
లేపి ఏం చెప్పాలె?
అన్నా, నువ్వు తొమ్మిది సెకన్లు ఆగినవ్ అనా?

తలకింది బస్తా మీద ఓదెలన్న రాత,
సగం చెరిగింది,
"మొన్న పొద్దుమూకి ఆరు".

వాపస్ వచ్చి తెర ముందట కూసున్న.
కుండలన్నీ మల్ల చూసిన.
అంత పెద్ద కుండ
నా తాన లేదు.