నిమిషానికొక గీత

బల్లారట్‌లో జులై అంటే నడి చలికాలం.
చేతి తొడుగుల వేళ్ళ కొసలు కత్తిరించుకుని
పెన్సిల్ పట్టుకున్నాను.
అరవై వరసల కాగితం. నిమిషానికొక కూత.
గడియారం కూసినప్పుడు అది ఏం చేస్తుంటే అదే రాయాలి.
కూతకీ కూతకీ మధ్య జరిగినదాన్ని
జరగలేదనుకోవాలి.

నడక. మేత. నెమరు. నిలుపు. నాకుడు.

దాని పేరు మోర్వెన్. పంతొమ్మిదేళ్ళ జిరాఫీ.
గేటుకి ఆకుపచ్చ రంగు. పై కమ్మీ మీద
జానెడు మేర మాత్రం రంగు లేదు,
వెండి మొలతాడులా మెరుస్తోంది.
నేరేడుపళ్ళు తిన్న పిల్లకున్నట్టు నల్లటి నాలుక
అక్కడే, అక్కడే, అక్కడే.
పదకొండో నిమిషం, నాకుడు. పన్నెండు, నాకుడు.
ఆ తర్వాత మెడ తిప్పి నన్ను చూసింది.
కూత రాలేదు.
మళ్ళీ కమ్మీ.

మా తాత సంతలో పశువుల దళారి.
తుండుగుడ్డ కింద చేతులు దాచి
వేళ్ళు పట్టుకుని ధర చెప్పేవాడు.
పళ్ళు చూసేవాడు, సుడులు చూసేవాడు,
తోక మెలేసి నాలుగడుగులు నడిపించేవాడు.
ఎద్దుకి ఎలా ఉందని అడగడానికి మాత్రం
ఆ గుడ్డ కింద వేలు లేదు.
నాకు అయిదున్నాయి.
ఒకటంటే బాధ, అయిదంటే హాయి.
మూడంటే, నిజం చెప్పాలంటే, తెలియదని.

నోలీన్ తోపుడుబండిలో తుమ్మజాతి కొమ్మలు తెచ్చింది.
ఇరవై ఏడేళ్ళుగా ఈ కొట్టం ఆమెదే.
"ఆకు లేనప్పుడు నాకుతుంది, ఉన్నా నాకుతుంది.
దూడ పోయిన ఏడు ఇంకా ఎక్కువ" అంటూ
గమ్‌బూట్ల బురద కింది కమ్మీకి గీకింది.
దూడ సంగతికి గడి లేదు.
నెమరుకి ఉంది గానీ
అది మేత గురించి.
మెడలో ఒక ముద్ద పైకి పాకడం చూశాను.
అంత పొడుగు దారిలో
ఏదైనా, ఎన్నాళ్ళకైనా, పైకి రావచ్చు.

నలభై ఒకటో నిమిషంలో వాన,
సన్నగా, ఏటవాలుగా.
మోర్వెన్ లోపలికి పోలేదు. మోర ఎత్తి
ఉత్త గాలిలోకి నాలుక చాపింది.
తర్వాత కమ్మీకి వేలాడే చుక్కల్ని
ఒక్కొక్కటే తీసుకుంది.
కూత.
ఇది నాకుడేనా?
ఇందాకటి ఇనుమూ ఈ నీళ్ళూ ఒకే గడిలో పడతాయా?
రాశాను, రబ్బరుతో చెరిపాను, మళ్ళీ రాశాను.
కాగితం అక్కడ పలచబడింది,
బియ్యపు గింజంత.

"ఎంత వేస్తున్నావ్?" అంది నోలీన్
కాగితం వైపు చూడకుండా.
నా చెయ్యి కోటు జేబులోకి పోయింది.
ఆ చీకట్లో మూడు వేళ్ళు చాపి ఉన్నాయి,
నాలుగోదాన్ని ముడవలేకపోతున్నాను.

ఆమె కొమ్మల్ని తాడుకి కట్టి పైకి లాగింది,
నిన్నటికన్నా మూరెడు ఎత్తుకి.
మోర్వెన్ గేటు వదిలి
వానలోంచి, తొందరేమీ లేకుండా, అటు నడిచింది.
మోకాళ్ళ మీంచి నీళ్ళెలా జారుతున్నాయో
చూస్తూ ఉండిపోయాను.
మెడలోని గడియారం ఎప్పుడు కూసిందో.
నలభై ఆరో వరస
ఖాళీ.