మూడో డిస్కు

రోహిణి కార్తె. రాత్రి ఒకటిన్నర.
మెట్ల కింద, బియ్యం డ్రమ్ము పక్కన
డబ్బా కూతవెట్టింది.
పొయ్యి మీద కుక్కరనుకొని
సాంబలక్ష్మి నిద్రలనే లేచి వంటింట్లకు నడిచింది.
కుక్కర్ కాదు. మూడో డిస్కు.
నాలుగు పచ్చ లైట్లల్ల ఒకటి ఎర్రగైంది.

పదకొండేండ్ల ఫ్లెక్సీలు అందుల్నే ఉన్నయి.
లేబర్ కాలనీ నుంచి దేశాయిపేట దాక
నా మౌసు అంచు వెంబడి కత్తిరించని మొఖం లేదు.
ఒక్కసారి వెంట్రుక వెంట్రుక సూసి కత్తిరించి దాసుకుంటే
ఎన్నిసార్లన్న వాడుకోవచ్చు.
పుట్టినరోజుకు వెనక పటాకులు,
ఎలక్షన్లకు వెనక జెండా,
పోయిన్నాడు వెనక దీపం.
మనిషి అదే. వెనక మారుతది.

పొద్దుగాల్నే చౌరస్తకు పోయి
అఫ్సర్ భాయ్ షటర్ తీసేదాక మెట్ల మీద కూసున్న.
కొత్త డిస్కు, పాతదానికంటే తేలిక.
"నిండేటందుకు ముప్పై గంటలు వడ్తది,
అప్పటిదాక కరెంటు పోనియ్యకు" అన్నడు,
కరెంటు నా చేతుల ఉన్నట్టు.

ఇంట్ల ఉన్న ఒక్క ఇన్వర్టరు డబ్బాకే ఇచ్చిన.
కరెంటు పోయినప్పుడల్ల ఫ్యాన్లు బంద్.
బిడ్డ తడి తువ్వాల కప్పుకొని డాబా మీద పండింది.
సాంబలక్ష్మి ఏమనలేదు,
ఇసనకర్ర తెచ్చి నాకు గాదు, డబ్బాకు ఇసిరింది.
ఎగతాళికా, నిజంగనా,
ఇప్పటికీ అడుగలేదు.

నలభై రెండు శాతం కాడ
తలుపు కొట్టిన్రు.
మొగిలి మామ పోయిండట.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసీ మోసీ
ఎడమ భుజం కిందికి వాలినోడు,
హమాలీ సంఘంల కొట్లాడి బస్తాకు రూపాయి పెంచినోడు.
కొడుకు ఓదెలు గుమ్మంల నిలవడి
"పన్నెండు బై ఎనిమిది అన్నా, మాపటికల్ల" అన్నడు.

నిండకముందు ముట్టుకోవద్దు, తెలుసు.
ఎట్ల వద్దంట?
ఫైలు తెరిచిన.
కొత్తదానికి ఇంక ఏం తెల్వది.
మిగిలిన మూడు ఒకదాన్నొకటి అడుక్కుంట,
నీ దగ్గర ఎంతుంది, నా దగ్గర ఇంతుంది,
కూడంగ తీసెయ్యంగ మిగిలిందే పోయినదని లెక్కగట్టి
మామను పైనుంచి కొంచెం కొంచెం దింపినయి.
ముందు నెత్తి.
శానా సేపటికి నల్లద్దాలు.
ఆ తర్వాత నవ్వు.

"అద్దాలు తీసెయ్యన్నా" అన్నడు ఓదెలు.
"సావుకు అద్దాలేంది."

నాలుగేండ్ల కింద పుట్టినరోజుకు
ఎవరియో అడుక్కొని వెట్టుకున్నయి అవి.
వెతికిన. మేడే ఫ్లెక్సీల అవే అద్దాలు.
సమ్మక్క జాతరకు స్వాగతం, అవే.
ఒక్కసారే కత్తిరిస్తి గదా.
ఒకటి చెడితే మూడు గుర్తుంచుకునే
ఇంత ఏర్పాటుల
మామ కండ్లు ఎక్కడ లేవు.

ఓదెలు శానా సేపు స్క్రీన్ దిక్కే సూసి
"నావి వెట్టరాదె" అన్నడు.
"మా నాయిన కండ్లే అంటరు అందరు."

ఫోన్ల ఫోటో తీసి, కొలత తగ్గించి, అతికిన.
సరిగ్గ కూసున్నయి.
ఇద్దరం సూసినం.
మామ లేడు. ఓదెలే ముసలోడై
మమ్ముల సూస్తున్నడు.
ఏం మాట్లాడకుంట వెనక్కి తిప్పిన.
అద్దాలతోనే అచ్చువడ్డడు.

పదకొండో దినం దాటినంక మొగులైంది.
బస్తాలు తడుస్తయని
హమాలీలు గోడ మీది మామను విప్పి
మిర్చి మీద కప్పిన్రు.
అటు పోతుంటే సూసిన,
అద్దాల మీద వాన చుక్కలు నిలవడ్డయి.

ఇప్పుడు నాలుగు లైట్లు పచ్చగున్నయి.
పాత డిస్కు విప్పి, లోపలి పళ్లెం తీసి
బిడ్డ బొట్టు దిద్దుకుంటది.
ఫైలు పేరు నేను మార్చలేదు,
మొగిలి మామ బర్త్‌డే ఫైనల్ ఫైనల్ రెండు.
పక్కన్నే ఓదెలు కండ్లు, పేరు వెట్టనియి.
జాగ ఉన్నది గదా,
ఉండనిచ్చిన.